జైలుకు కావలసిన మనిషి

ఆ జైల్లో పొద్దున్నే అయిదున్నరకు గంట కొట్టాలి. కొట్టే బాధ్యత పెద్ద వార్డరుది. ఆయన నిద్ర గట్టిది. కుర్చీలో వెనక్కి వాలి, టోపీ మొహం మీదికి లాక్కుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నాడంటే పక్కన గోడ కూలినా కదిలేవాడు కాదు. అందుకని అయిదూ ఇరవైకి, ఆరో నంబరు గదిలో ఉండే ఖైదీ ఊచల దగ్గరికి వచ్చి, చేతిలోని అల్యూమినియం గ్లాసుతో ఊచ మీద మూడుసార్లు మెల్లగా తట్టి, "అన్నా, టైమయింది" అనేవాడు.

"లేచే ఉన్నానయ్యా" అనేవాడు వార్డరు, కళ్లు తెరవకుండానే.

ఆ తర్వాత లేచి, బెల్టు సర్దుకుని, వెళ్లి గంట కొట్టేవాడు. ఆ గంటకు నాలుగువందల మంది లేచేవాళ్లు. ఇక్కడ సమయపాలన చాలా బాగుందని తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లేవాడు.

ఆ ఖైదీ దగ్గర గడియారం లేదు. జైలు గోడ అవతల రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. అయిదూ ఇరవైకి వచ్చే మొదటి బస్సు అక్కడ గేరు మార్చుకునేటప్పుడు ఒక్కసారి మూలిగేది. ఆ మూలుగే అతని గడియారం. బస్సు రాని రోజున ఏం చేస్తావని ఒకసారి అడిగాను.

"ఇవాళ బస్సింకా రాలేదేమిటా అని మనసుకి తోస్తుంది కదండీ. అలా తోచిందంటే టైమయినట్టే" అన్నాడు.

నేను ఆ జైలు ఆసుపత్రిలో కాంపౌండరుగా పన్నెండేళ్లు పనిచేశాను. ఆసుపత్రి అంటే రెండు మంచాలు, ఒక బీరువా, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు. డాక్టరు రాని రోజుల్లో నేనూ, దేవుడూ కలిసి వైద్యం చేసేవాళ్లం. తెల్లవారుజాము డ్యూటీ పడినప్పుడల్లా ఆ గ్లాసు చప్పుడు వినేవాణ్ణి. కావలివాణ్ణి ఖైదీ నిద్రలేపడం మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత అలవాటైంది. ఇంకా తర్వాత ఆ చప్పుడు వింటే తప్ప నాకు రోజు మొదలైనట్టుండేది కాదు.

అతన్ని అందరూ బైండరు అనేవాళ్లు. జైలుకు వచ్చేనాటికి పంతొమ్మిదేళ్లు. అంతకుముందు ఒక సరుకుల గోడౌనులో మూటలు మోసేవాడు. ఒకరోజు తర్వాతి మూట ఎత్తే వంతు ఎవరిదన్న దగ్గర తోటి పనివాడితో మాటామాటా పెరిగింది. చేతికందిన ఇనప కడ్డీతో కొట్టాడు. ఆ పనివాడికి ఇరవై రెండేళ్లు. మూడో రోజున ఆసుపత్రిలో పోయాడు. బైండరు పారిపోలేదు. అబద్ధం ఆడటానికి లాయరు చాలా అవకాశాలిచ్చాడట, ఒక్కటీ వాడుకోలేదు. జడ్జి యావజ్జీవం వేశాడు. అతను తప్పు చేయలేదని నేననడం లేదు. చేశాడు. అతను కూడా ఏనాడూ కాదనలేదు. జైలుకొచ్చిన ప్రతివాడూ పొరపాటున వచ్చినవాడే అయిన చోట, తన తప్పుకే వచ్చానని చెప్పుకున్న ఒకే ఒక్కడు అతను. ఆ కారణంగా మొదట్లో మిగతావాళ్లు అతన్ని కొంచెం అనుమానంగా చూసేవాళ్లు.

లోపల అతనికి పుస్తకాల బైండింగు నేర్పారు. రేకుల కప్పు వేసిన పొడుగాటి షెడ్డు. ప్రభుత్వ ఆఫీసులన్నిటికీ రిజిస్టర్లు అక్కడే తయారయ్యేవి. కాగితాలు మడిచి, మడత మీద నున్నటి ఎముకముక్కతో గట్టిగా రుద్ది, మైనం పట్టించిన దారంతో కుట్టి, మైదా జిగురు పూసి, అట్టలు అతికించి, మరబిగింపు కింద ఒక రోజంతా నొక్కిపెట్టాలి. ఈ పని అందరూ చేస్తారు. బైండరు చేసిన పుస్తకం మాత్రం ఏ పేజీ దగ్గర తెరిచినా అక్కడే బుద్ధిగా పడుకుని ఉండేది, మూసుకుపోయేది కాదు. రాసే గుమాస్తాల చొక్కా చేతులు చిరగకుండా అట్ట మూలలు గుండ్రంగా కోసేవాడు. మిగిలిన గుడ్డ పీలికలతో ప్రతి రిజిస్టరుకూ ఒక గుర్తు తాడు పెట్టేవాడు. పెట్టమని ఏ రూలులోనూ లేదు. చలికాలంలో జిగురు దించాక ఆ వేడి గిన్నె చుట్టూ ముసలి ఖైదీలను కూర్చోబెట్టి చేతులు కాచుకోమనేవాడు.

ఒక ఏడాది అతనికి టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు నా మంచాల్లో ఒకదాని మీద పడుకున్నాడు. ఆ ఇరవై రోజుల్లో షెడ్డులోంచి వెళ్లిన రిజిస్టర్లలో సగం తలకిందులుగా తెరుచుకున్నాయట. ఒక ఆఫీసులో జననాలు ఒక పక్కనుంచీ మరణాలు రెండో పక్కనుంచీ రాసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నారని మా గుమాస్తా ప్రమాణపూర్వకంగా చెప్పాడు. అప్పట్నుంచి బైండరు ఒంట్లో నలతగా ఉందంటే సూపరింటెండెంటుగారే స్వయంగా వచ్చి నాడి చూసేవారు.

పధ్నాలుగేళ్లు నిండితే క్షమాభిక్షకు అర్జీ పెట్టుకోవచ్చని రూలు. బైండరుకు నిండాయి, పెట్టుకున్నాడు. అర్జీతోపాటు జైలునుంచి ఒక నివేదిక వెళ్లాలి. దాన్ని మా గుమాస్తా నింపాడు. మంచివాడే. పాతికేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని ఖాళీ గడి చూస్తే భయపడే స్థితికి వచ్చిన మనిషి. ఆ కాగితంలో రెండు గడులున్నాయి. ఒకటి, జైల్లో చేసిన తప్పులు. రెండు, కనబడిన మార్పు. పధ్నాలుగేళ్లలో బైండరు ఒక్క తప్పూ చేయలేదు కాబట్టి మొదటి గడిలో "లేవు" అని రాశాడు. తప్పులే లేకపోతే మార్పు ఎక్కణ్ణుంచి వస్తుందని చాలాసేపు ఆలోచించి, రెండో గడిలోనూ "లేదు" అని రాశాడు.

ఎనిమిది నెలలకు జవాబొచ్చింది. ఖైదీలో ఎలాంటి మార్పూ లేదని జైలువారే తెలియజేసినందున అర్జీ తిరస్కరించడమైనది. మళ్లీ అడగాలంటే మూడేళ్లు ఆగాలి.

గుమాస్తా మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజున షెడ్డుకెళ్లి నిలబడ్డాడు.

"అది నా బుర్రతక్కువ పనయ్యా" అన్నాడు.

"మీరు రాసింది నిజమే కదండీ. నేనేం మారాను? అప్పుడూ మూటలే, ఇప్పుడూ మూటలే. ఇవి కాగితాలవి" అన్నాడు బైండరు. ఆ తిరస్కరణ కాగితాన్ని పెట్టిన ఫైలు కూడా అతను కుట్టిందే.

ఆ మూడేళ్లూ అయ్యాయి. ఈసారి నివేదిక గుమాస్తా చేతికి ఇవ్వకుండా సూపరింటెండెంటుగారే రాశారు. ఆయనది మెత్తటి మనసు, అందమైన భాష. రాసింది నాకూ, గుమాస్తాకూ చదివి వినిపించారు: "ఈ ఖైదీ నిజాయితీని, పనితనాన్ని వర్ణించుటకు మాటలు చాలవు. ఇతని సేవలు ఈ కారాగారమునకు అనివార్యము. ఇతడు లేనిదే బైండింగు విభాగము ఒక్కరోజైనను నడవదు." చదివి ఆయనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. గుమాస్తా అయితే, ఇలా రాయడం తనకు రానందుకే ఇన్నేళ్లూ గుమాస్తాగా ఉండిపోయానన్నాడు.

పధ్నాలుగు నెలలకు జవాబొచ్చింది. "సదరు ఖైదీ లేనిదే బైండింగు విభాగము ఒక్కరోజైనను నడవదని తమరే తెలియజేసియున్నందున, కారాగార నిర్వహణకు భంగము కలుగకుండుటకై విడుదల విషయము ప్రస్తుతమునకు పరిశీలించుటకు వీలుపడదు. సదరు ఖైదీకి మా అభినందనలు తెలుపగలరు."

అభినందనలు తెలపడానికి సూపరింటెండెంటుగారు షెడ్డుదాకా వెళ్లారు. అక్కడ ఆ కాగితాన్ని అతని చేతిలో పెట్టారు. బైండరే ఆయనకు స్టూలు వేసి, మంచినీళ్లిచ్చి, "పోనీలెండి సార్, పని బాగుందన్నారు కదా" అని ఓదార్చి పంపాడు.

ఆ నెల ములాఖత్‌కు అతని అక్క వచ్చింది. అతనికన్నా పధ్నాలుగేళ్లు పెద్దది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. బొత్తాలూ దారాలూ అమ్మే చిన్న కొట్టు ఉంది. ఇన్నేళ్లలో ఒక్క నెల మానకుండా వచ్చేది, వచ్చినప్పుడల్లా నాలుగు దారపుండలు తెచ్చి గేటు దగ్గర ఇచ్చేది. జైలువారిచ్చే దారం పుటుక్కున తెగుతుందని తమ్ముడు ఎప్పుడో ఒకసారి మాటవరసకు అన్నాడట. ఆ రోజు ఆవిడకు కాలు బెణికి ఉంటే కట్టు కట్టడానికి నేను అక్కడే ఉన్నాను.

ఇనప జాలీ అవతల తమ్ముడు, ఇవతల అక్క.

"ఏమన్నార్రా?" అంది.

"బాగా చేస్తున్నానన్నారు."

"అయితే?"

"అందుకని ఉండమన్నారు."

అక్క జాలీకి దగ్గరగా జరిగింది. "ఇన్నేళ్లూ మోసుకొచ్చిన దారంతో వాళ్ల పుస్తకాలు కుడుతున్నావనుకున్నాను. నా దారంతో నిన్నే కట్టిపడేసుకున్నారన్నమాట. వచ్చే నెల నుంచి కుళ్లిన దారం తెస్తాను."

"అక్కా."

"అక్కా లేదు చెల్లీ లేదు. చిన్నప్పుడు మంచినీళ్లు పట్టుకురారా అంటే సగం దారిలో ఒలకబోసి వచ్చేవాడివి. ఆ బుద్ధి ఇక్కడ ఎందుకు లేకుండా పోయిందిరా నీకు?" తర్వాత గొంతు తగ్గించి అంది, "కొట్టు వెనక గది పద్దెనిమిదేళ్లుగా ఊడుస్తున్నాను. ఊడ్చే ఓపిక నాకెన్నాళ్లుంటుందో తెలియదు. నువ్వొచ్చేలోపు నేను పోతే తాళంచెవి ఎవరికివ్వాలో అది మాత్రం చెప్పు."

ఆవిడ వెళ్లాక బైండరు ఆసుపత్రికి నా దగ్గరికొచ్చి అడిగాడు. "కాంపౌండరుగారూ, ఒక మాట. ఇక్కడ నా అవసరం లేకుండా పోవాలంటే ఏం చేయాలి?"

"పని చెడగొట్టు" అన్నాను. దేవుడు క్షమించాలి, ఆ క్షణంలో నాకు తోచింది అదే.

"అది నా చేతకాదండీ. చేతులు వినవు."

"అయితే ఇంకొకరికి నేర్పు."

"నేర్పుతూనే ఉన్నానండీ. నేర్చుకున్నవాళ్లు విడుదలై వెళ్లిపోతున్నారు."

అది నిజం. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్లు పద్నాలుగు మంది బయటికి వెళ్లారు. తాళాలు అని ఒక దొంగ ఉండేవాడు, వేళ్లు సన్నగా చురుగ్గా ఉండేవి. ఏ తాళమైనా తీసే వేళ్లు రెండు నెలల్లో ఏ పుస్తకమైనా కుట్టే వేళ్లయ్యాయి. వాడు వెళ్లి కోర్టు ఎదురుగా బైండింగు కొట్టు పెట్టుకుని, బాగుపడిన ఖైదీ అని పేరు తెచ్చుకున్నాడు. వాణ్ణి బాగుచేసిన మనిషి లోపలే ఉన్నాడు. చిన్న శిక్షలవాళ్లకు నేర్పినంతకాలం షెడ్డు మళ్లీ మళ్లీ ఖాళీ అవుతూనే ఉంటుంది.

అప్పుడు బైండరు పెద్ద శిక్షలవాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టాడు. కొత్తగా ఎవరైనా వస్తే పలకరించి, మెల్లగా, "మీకెన్నేళ్లండీ?" అని అడిగేవాడు. రెండేళ్లంటే మొహం చిన్నబోయేది. "పోనీలెండి, మంచిదే" అనేవాడు. ఒకడు ఆరు నెలలంటే, అంత నీరసంగా విన్న మనిషిని తన జన్మలో చూడలేదని వాడు అందరికీ చెప్పుకున్నాడు.

చివరికి ఒక యావజ్జీవం దొరికాడు. లారీ డ్రైవరు, యాభై ఏళ్లుంటాయి, అరచేతులు చెక్కలాగా ఉండేవి. సూది పట్టుకుంటే సూది కనబడేది కాదు. మొదటి నెలలో కాగితాలకంటే తన వేళ్లనే ఎక్కువ కుట్టుకున్నాడు. రోజూ సాయంత్రం నా దగ్గరికి టింక్చరుకు వచ్చేవాడు.

"ఆయన ఒక్క మాట అనడండీ" అనేవాడు డ్రైవరు. "కుట్టింది విప్పి మళ్లీ నా చేతికే ఇస్తాడు. తిడితే బాగుండును. స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకోకు, ఎదురుగా ఏమీ రావడం లేదు, అంటాడు."

ఏడాది గడిచేసరికి డ్రైవరు పుస్తకాలు కూడా తెరిచినచోట పడుకోవడం మొదలుపెట్టాయి. ఆ రోజు బైండరు సంతోషపడ్డాడు. డ్రైవరు మాత్రం సూది పక్కన పెట్టి అడిగాడు.

"అంతా నేర్చుకున్నాను. మీరు వెళ్తారు, సరే. పద్నాలుగేళ్ల తర్వాత నేను అర్జీ పెట్టుకుంటే, ఇతను లేనిదే నడవదని నా గురించి రాయరా?"

బైండరుకు ఆ సంగతి తట్టలేదు. తను తప్పుకోవడం కోసం ఆ కుర్చీలో ఇంకొక మనిషిని కూర్చోబెడుతున్నానని అప్పుడు తెలిసింది. ఆ పూట భోజనానికి లేవలేదు. మర్నాడు డ్రైవరుతో, "ఇంకో నలుగుర్ని చూడండి, మీరే నేర్పండి" అన్నాడు. తను ఒక నోటుపుస్తకం తీసుకుని, కాగితం మడత దగ్గర్నుంచి మరబిగింపు దాకా మొత్తం పని బొమ్మలతో సహా రాయడం మొదలుపెట్టాడు. జిగురు ఎంత చిక్కగా ఉండాలో కూడా రాశాడు: చెంచాతో ఎత్తితే జారాలి, పరుగెత్తకూడదు. ఏడు నెలలు పట్టింది. దాన్ని స్వయంగా బైండు చేసి, గుర్తు తాడు పెట్టి, షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించాడు. ఇక ఈ షెడ్డులో ఎవడూ అనివార్యం కాకూడదని అతని ఉద్దేశం.

అంతా అయ్యాక నేనూ, గుమాస్తా వెళ్లి సూపరింటెండెంటుగారి ముందు నిలబడ్డాం. మళ్లీ నివేదిక రాసే వేళ వచ్చింది.

"సార్, ఈసారి ఆ వాక్యం వద్దు. అతను లేకపోయినా పని ఆగదు అని రాయండి" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. "అంత మంచివాడి గురించి అలా ఎలా రాయమంటారండీ? చదివినవాళ్లు ఏమనుకుంటారు?"

"ఇంటికి పంపవచ్చుననుకుంటారు సార్."

ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. "అబద్ధం రాయను. నిజమైతే రాస్తాను. ఒక నెల అతను షెడ్డులోకి అడుగుపెట్టకూడదు. ఏ పనికీ చెయ్యి వేయకూడదు. అయినా జైలు ఎప్పటిలా నడిస్తే సంతకం పెడతాను. రిజిస్టర్లు, వేళలు, అన్నీ. చివర్న గేటు పుస్తకం నేనే చూస్తాను."

గేటు పుస్తకంలో రోజూ గంట కొట్టిన వేళ రాస్తారు. రాసేది గేటు జవాను, అతనికి మొహమాటం లేదు. ఆ సంగతి గుమాస్తాకు, నాకు బయటికొచ్చాక గుర్తొచ్చింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. షెడ్డు గురించి భయం లేదు. వార్డరు నిద్ర గురించి ఎవరూ ఏ ఏర్పాటూ చేయలేదు.

ఆ నెలంతా పగటిపూట బైండరును ఆసుపత్రిలో నా దగ్గర కూర్చోబెట్టారు. గాజుగుడ్డ కత్తిరించడానికి కూడా నేనొప్పుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చునేవాడు.

మొదటి రోజు గంట ఆరింటికి పది నిమిషాల ముందు మోగింది. రెండో రోజు ఆరింటికి. వార్డరు భార్య అలారం గడియారం ఇచ్చి పంపింది. అలారానికి ఆరో నంబరు నుంచి పదో నంబరు దాకా అందరూ లేచారు, వార్డరు లేవలేదు. నాలుగో రోజు గంట ఆరూ పదికి మోగింది. నాలుగువందల మంది లేచి, మంచాల మీద కూర్చుని, గంట కోసం ఎదురుచూశారట. ఇంతకాలం లేవమంటే తిట్టుకున్నవాళ్లు లేపేవాడు లేడని బెంగపెట్టుకున్నారు.

నేను ఆ పూట డ్యూటీలో ఉన్నాను. బస్సు మూలగడం విన్నాను. వరండాలోంచి చూస్తే బైండరు ఊచల దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు. గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ చంకల్లో దోపుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మనిషికి తప్పు చేయకుండా ఉండటం కష్టమని వినడమే గానీ, సాయం చేయకుండా ఉండటానికి అంత కష్టపడిన మనిషిని నేను అప్పుడే చూశాను. ఆరూ పది దాకా అలాగే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం వార్డరు మందు కోసమని వచ్చి, అతని పక్కన బల్ల మీద కూలబడ్డాడు.

"మెలకువగానే ఉన్నావు కదయ్యా. ఒక్కసారి తడితే నీ సొమ్మేం పోయేది?"

"తట్టకూడదన్నా. చెయ్యి వేయొద్దన్నారు."

"ఎవరు చూడొచ్చారు?"

నేనే కలగజేసుకుని, ఈ నెల సంగతంతా, సూపరింటెండెంటుగారి షరతుతో సహా చెప్పాను. వార్డరుకు గంట సంగతి ఎవరూ చెప్పలేదట. షెడ్డుకు మాత్రమే పరీక్ష అనుకున్నాడు. విని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అంటే నా నిద్ర వల్ల ఇతను ఆగిపోతాడన్నమాట" అన్నాడు.

మర్నాడు ఆయన తన కుర్చీని స్టోరుకు పంపించి, మూడు కాళ్ల స్టూలు తెచ్చుకున్నాడు. కునుకు పడితే మనిషి కింద పడాలి. రెండుసార్లు పడ్డాడు, మోచేతికి నేనే కట్టు కట్టాను. ఆ రోజు నుంచి నెలాఖరు దాకా గేటు పుస్తకంలో ఒకటే వేళ: అయిదున్నర, అయిదున్నర, అయిదున్నర. యాభై అయిదేళ్ల మనిషి, పదకొండేళ్లుగా అలవాటైన నిద్రను ఇంకొకరి కోసం వదులుకున్నాడు. దేవుడి పుస్తకంలో ఇలాంటివి ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు గానీ రాసే ఉంటారు.

నెల తిరిగింది. సూపరింటెండెంటుగారు గేటు పుస్తకం తిరగేశారు. మొదటి నాలుగు రోజుల దగ్గర ఆగారు. వార్డరు వెళ్లి ఎదురుగా నిలబడి, "ఆ నాలుగూ నావి సార్, అతనివి కావు. మిగతావి కూడా నావే" అన్నాడు. సూపరింటెండెంటుగారు కలం తీశారు. "ఈ ఖైదీ లేకపోయినను కారాగారమునకు ఎట్టి లోటును ఉండదు" అని రాసి, ఇంత బాధ పెట్టిన వాక్యం తన ఉద్యోగంలో మరొకటి లేదన్నారు.

ఇంకొక కాగితం మిగిలింది. చనిపోయినవాడి కుటుంబానికి అభ్యంతరం ఉందా లేదా అన్నది. చనిపోయినవాడికి తల్లి ఒక్కతే. కిందటి రెండుసార్లూ ఎవరో జవాన్లు వెళ్లి, గుమ్మంలో నిలబడి ఉందా లేదా అంటే, ఆవిడ తలుపు వేసుకుంది. వాళ్లు ఉంది అని రాసుకొచ్చారు. ఈసారి గుమాస్తా తనే వెళ్లాడు. ఏమీ అడగకుండా అరుగు మీద కూర్చున్నాడట. కాసేపటికి ఆవిడే మంచినీళ్లు తెచ్చిచ్చింది. తిరిగొచ్చి నాకూ, బైండరుకూ చదివి వినిపించాడు. ఆవిడన్న మాటలు అన్నట్టే రాసుకొచ్చాడు:

"అప్పుడు వాడికి పంతొమ్మిది, మా వాడికి ఇరవై రెండు. వాడికిప్పుడు నలభై రెండంటున్నారు. మా వాడికింకా ఇరవై రెండే. వదిలిపెట్టమని నేను అడగను. నా నోటితో ఆ మాట రాదు. వదిలేస్తే అడ్డం పడను. ఇంతకాలం పొద్దున లేస్తూనే వాణ్ణి తలుచుకుని తిట్టుకుంటున్నాను, మా వాడికంటే ముందు వాడే గుర్తొస్తున్నాడు. అది చాలించుకోవాలి."

కాగితంలో ఉన్న గడి ఉంది, లేదు అన్న రెండు మాటలకే సరిపోతుంది. తన ఉద్యోగంలో మొదటిసారి గుమాస్తా గడిని ఖాళీగా వదిలేసి, ఆ మాటలన్నీ వేరే కాగితం మీద రాసి, దానికి కుట్టించాడు. కుట్టింది డ్రైవరు. బైండరు ఆ కాగితాన్ని ఇంకొకసారి చదవమన్నాడు. గుమాస్తా చదివాడు. రోజూ ప్రార్థన చేసుకునే నేను ఆ పూట దేవుణ్ణి ఏం అడగాలో తెలియక ఊరుకున్నాను.

పదకొండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. అతని వల్ల జైలుకు ప్రయోజనం ఏమీ లేదని తేలినందున, శిక్షలో మిగిలిన భాగాన్ని క్షమించడమైనది. లోపలికొచ్చి ఇరవై నాలుగేళ్లయింది. విడుదల గురువారం పొద్దున పది గంటలకు. అక్కకు కబురు పంపితే, "వచ్చాక నమ్ముతాను" అని చెప్పి పంపిందిట. అయినా కొట్టు వెనక గదికి సున్నం వేయిస్తోందని కబురు తెచ్చినవాడు చెప్పాడు.

బుధవారం సాయంత్రం ఆరింటికి ఎప్పటిలాగే గదులకు తాళాలు వేశారు. నేను డ్యూటీ దిగి వెళ్తూ ఆరో నంబరు దగ్గర ఆగాను. షెడ్డులో వాళ్లంతా ఇచ్చిన చిన్న నోటుపుస్తకం ఒకటి అతని దుప్పటి మీద ఉంది, డ్రైవరు కుట్టింది. దాన్ని మధ్యకు తెరిచి పెట్టాడు, అది అలాగే పడుకుని ఉంది. వార్డరు తాళం వేసి, లాగి చూసి, రేపు ఈ తాళం తను తీయడమే ఆఖరని ఏదో అనబోయి మానేశాడు.

"అన్నా, ఒక సాయం చేసిపెట్టాలి" అన్నాడు బైండరు.

"అడుగు. ఇన్నేళ్లలో ఒక్కటీ అడగలేదు నువ్వు."

బైండరు ఊచల మధ్యనుంచి అల్యూమినియం గ్లాసు బయటికి పెట్టాడు.

"ఇది మీ దగ్గర ఉంచండి. రేపు గంటకు ముందు, అయిదూ ఇరవైకి, దీంతో ఊచ మీద మూడుసార్లు తట్టండి. మెల్లగా. ‘తమ్ముడూ, టైమయింది’ అనండి. నేను లేచే ఉన్నానంటాను. పట్టించుకోకుండా ఇంకోసారి పిలవండి."